పాత బండి, ఇంటిల్లిపాది చేతులు

ఈసారి ఒక పాత బండి గురించి రాస్తున్నాను. ధ్యానాలు చదువుకునే చోట ఇనుము, డీజిలు సంగతులు ఎందుకని మీలో కొందరు అనుకోవచ్చు. కానీ మన నల్లమాడ చుట్టుపక్కల ఏ పల్లెకు పోయినా ఏదో ఒక ఇంటి వెనక, వేపచెట్టు కిందనో కొట్టం పక్కనో, టైర్లు నేలకు అతుక్కుపోయిన జీపు గానీ పికప్పు గానీ కనబడుతుంది. దాని మీద ఎండుకంప వేసి ఉంటుంది, లోపల కోళ్లు పొదుగుతుంటాయి. ఒకప్పుడు ఆ బండి ఆ ఇంటికి అన్నం పెట్టింది. ఇప్పుడు దాన్ని గుజిరీకి వేయాలా, బాగుచేసుకోవాలా అన్నది ఆ ఇంట్లో తెగని మాట. తండ్రి పోయాక ఆ బండి ఎవరిదన్న సంగతి మీద అన్నదమ్ములు పలకరించుకోవడం మానేసిన ఇళ్లు కూడా ఉన్నాయి. అందుకే ఇది చిన్న విషయమని నేను అనుకోవడం లేదు. ముందు ఈ బండ్లు మన దాకా ఎలా వచ్చాయో చూద్దాం. బాగుచేయాలా వద్దా అన్నది ఆ తర్వాత ఆలోచిద్దాం.

యుద్ధం కోసం పుట్టి, పొలానికి వచ్చింది

మన పాత పికప్పులకు తాత జీపు. జీపు పుట్టింది రెండో ప్రపంచ యుద్ధంలో. 1940లో అమెరికా సైన్యం తేలికైన, నాలుగు చక్రాలూ తిరిగే చిన్న బండి కావాలని 135 కంపెనీలను అడిగింది. గడువు బహు తక్కువ. బాంటమ్ అనే చిన్న కంపెనీ 49 రోజుల్లో మొదటి బండి తయారుచేసి ఇచ్చింది. తర్వాత విల్లీస్, ఫోర్డు కంపెనీలు ఆ బండ్లను లక్షల్లో తయారుచేశాయి. యుద్ధం ముగిశాక విల్లీస్ వాళ్లు అదే బండిని రైతులకు అమ్మడం మొదలుపెట్టారు. వెనక తొట్టి ఉన్న జీపు ట్రక్కు కూడా 1947లో వచ్చింది. చంపడానికి పోయిన బండి దున్నడానికీ మోయడానికీ వచ్చిందన్నమాట.

మన దేశంలో ఆ బండి కథ 1945లో మొదలైంది. కె.సి. మహీంద్రా, జె.సి. మహీంద్రా అనే అన్నదమ్ములు, గులాం మహమ్మద్ అనే మిత్రుడు కలిసి 'మహీంద్రా అండ్ మహమ్మద్' అనే కంపెనీ పెట్టారు. రెండేళ్లకు దేశం రెండు ముక్కలైంది. గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి ఆ దేశానికి మొదటి ఆర్థిక మంత్రి అయ్యాడు, తర్వాత గవర్నర్ జనరల్ కూడా అయ్యాడు. 1948లో కంపెనీ పేరు 'మహీంద్రా అండ్ మహీంద్రా' అని మారింది. 1940ల చివర్లో 75 జీపుల విడిభాగాలు ఓడలో వస్తే, బొంబాయి మజ్‌గావ్‌లో వాటిని బిగించి అమ్మారు. 1950ల్లో లైసెన్సు తీసుకుని ఇక్కడే తయారీ మొదలుపెట్టారు. ఇద్దరు అన్నదమ్ములు, ఒక స్నేహితుడు పెట్టుకున్న కంపెనీ బండి చివరికి మన అన్నదమ్ముల పెరట్లోకి వచ్చి చేరింది.

పల్లెకు జీపును ముందుగా తెచ్చింది రైతు కాదు, ప్రభుత్వం. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం 55 ప్రాజెక్టులతో మొదలైంది. గ్రామసేవకుడికి సైకిలు, బీడీఓకు జీపు. 1959లో సమితులు వచ్చాయి, సమితి ఆఫీసు ముందు జీపు నిలబడింది. 1980ల నడుమ సమితులు పోయి మండలాలు వచ్చినా ఎండీఓ జీపు అలాగే ఉంది. మన పెద్దలకు జీపు చప్పుడు వినబడిందంటే ఆఫీసరో, టీకాల వాళ్లో, పోలీసులో, ఓట్ల వాళ్లో వస్తున్నారని లెక్క. 2009 ఎన్నికల్లో పుట్టపర్తి నియోజకవర్గం వచ్చేదాకా మన నల్లమాడ పేరు మీదే అసెంబ్లీ నియోజకవర్గం ఉండేది. ఆ ఎన్నికలన్నీ జీపుల దుమ్ములోనే జరిగాయి.

అలా తిరిగి తిరిగి అరిగిపోయిన సర్కారు జీపులను వేలంలో అమ్మేవాళ్లు. మిలిటరీ బండ్లు కూడా వేలానికి వచ్చేవి. కొత్త బండి కొనలేని రైతు, చిన్న వ్యాపారి ఆ వేలంలో నిలబడి కొనుక్కున్నాడు. అంటే మన పల్లెల్లో మొదటి తరం బండ్లు చాలావరకు ఇంకొకరు వాడి వదిలేసినవే. మొదటి రోజు నుంచే వాటికి రిపేరు అవసరం. బండి కొనడమంటే బండిని బాగుచేసుకోవడమే అన్నది మనకు అప్పటి నుంచి అలవాటైంది.

ఇంజిన్ మార్చిన కాలం

ఆ పాత జీపులు పెట్రోలు బండ్లు. 2.2 లీటర్ల ఇంజిన్ బాగా లాగేది గానీ పెట్రోలు తాగేది. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపినప్పుడు ప్రపంచమంతా చమురు ధర కొన్ని నెలల్లోనే నాలుగింతలైంది. పల్లెలో ఒక్కసారిగా జీపు భారమైంది. అప్పుడు మెకానిక్కులు ఒక దారి కనిపెట్టారు. పెట్రోలు ఇంజిన్ దించేసి డీజిలు ఇంజిన్ ఎక్కించారు. మటడోర్ వ్యాను ఇంజిన్లు, ట్రాక్టరు ఇంజిన్లు జీపుల్లోకి వచ్చాయి. కంపెనీ కూడా అదే దారి పట్టింది. ట్రాక్టరు వంశానికి చెందిన డీజిలు ఇంజిను ఒకటి, ఫ్రాన్సు ప్యూజో కంపెనీ నుంచి తెచ్చుకున్న 2,112 సీసీ ఎక్స్‌డీపీ ఇంజిను ఇంకొకటి జీపుల్లో వాడింది. ఆ ఎక్స్‌డీపీ ఇంజిన్లతో వచ్చిన బండ్లను పాత మెకానిక్కులు నేటికీ శబ్దాన్ని బట్టి గుర్తుపడతారు.

ఇంజిన్ మారినట్టే ఒళ్లు కూడా మారింది. వెనక సీట్లు తీసేసి, రేకుతో తొట్టి కట్టించి, చెనక్కాయ మూటలు వేసుకుని కదిరికి పోయేవాళ్లు. హిందూపురం మార్కెట్టుకు చింతపండు, బెల్లం, పట్టుగూళ్లు పోయేవి. మదనపల్లెకు టమోటా పోయేది. సంతకు గొర్రెలు పోయేవి. తిరుగు ప్రయాణంలో ఎరువు మూటలు, పెళ్లి సామాన్లు వచ్చేవి, ఆస్పత్రి నుంచి బాలింత కూడా అదే బండిలో ఇంటికి వచ్చేది.

కంపెనీలు చేసిన అసలైన చిన్న ట్రక్కుల కథలో మన తెలుగునేలకూ ఒక పుట ఉంది. మహీంద్రా వాళ్లు 1965 నుంచి ముక్కు లేని ఎఫ్‌సీ-150 తయారుచేశారు. 1980ల్లో జపాను కంపెనీలతో కలిసి నాలుగు చోట్ల చిన్న ట్రక్కుల తయారీ మొదలైంది. ఉత్తరప్రదేశ్‌లో డీసీఎం టయోటా, పంజాబులో స్వరాజ్ మజ్దా, మధ్యప్రదేశ్‌లో ఐషర్ మిత్సుబిషి, మన ఉమ్మడి రాష్ట్రంలో ఆల్విన్ నిస్సాన్. రిఫ్రిజిరేటర్లు, చేతిగడియారాలు, డబుల్ డెక్కర్ బస్సులతో పేరు తెచ్చుకున్న హైదరాబాద్ ఆల్విన్, నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో ఈ ట్రక్కులు చేసింది. 1989లో మహీంద్రా కంపెనీ దాన్ని తీసుకుంది. ఇప్పుడు ఆ జహీరాబాదులో ట్రాక్టర్లు తయారవుతున్నాయి. డీసీఎం టయోటా కంపెనీ కూడా ఏనాడో పోయింది. కానీ తెలుగువాళ్ల నోట 'డీసీఎం' అనే మాట పోలేదు. ఏ కంపెనీ మీడియం ట్రక్కు బోల్తాపడినా పేపర్లో 'డీసీఎం బోల్తా' అనే రాస్తారు. 1986లో టాటా 407, 1988లో టాటా మొబైల్, 2000లో బొలెరో, 2005లో టాటా ఏస్ వచ్చాయి. ఇప్పుడు మన రోడ్ల మీద కనబడే తెల్ల పికప్పులన్నీ వీటి బిడ్డలూ మనవళ్లే.

హిందూపురం వాళ్లకు తెలిసిన ఒక రథం

పాత బండిని బాగుచేసి ఒక కుటుంబం రోడ్డెక్కించిన కథల్లో తెలుగువాళ్లందరికీ తెలిసినది ఒకటుంది. రాజకీయం నా విషయం కాదు, బండి సంగతే చెబుతాను.

1982 మార్చి 29న ఎన్.టి. రామారావు గారు తెలుగుదేశం పార్టీ పెట్టారు. రాష్ట్రమంతా తిరగడానికి ఆయన కొత్త కారు ఎంచుకోలేదు. 1940ల నాటి ఒక పాత షెవర్లే వ్యానును ఎంచుకున్నారు. దాని నంబరు ఏబీఆర్ 7776. దాన్ని బాగుచేయించి, పైకెక్కి మాట్లాడటానికి వేదిక, మైకులు, దీపాలు అమర్చి 'చైతన్య రథం' అని పేరు పెట్టారు. ఆ బండి స్టీరింగు పట్టింది జీతానికి పెట్టుకున్న డ్రైవరు కాదు, ఆయన కొడుకు హరికృష్ణ గారు. తండ్రి పైన నిలబడితే కొడుకు కింద బండి నడిపాడు. నాలుగు దశాబ్దాల వయసున్న ఆ బండి వేల కిలోమీటర్లు, గతుకుల రోడ్ల మీద, రాత్రీ పగలూ తిరిగింది. 1983 జనవరి 9న రామారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. 1985, 1989, 1994 ఎన్నికల్లో ఆయనను మన హిందూపురం గెలిపించింది. 1996లో ఆయన పోయాక జరిగిన ఉప ఎన్నికలో హరికృష్ణ గారు కూడా హిందూపురం నుంచే గెలిచారు.

ఈ కథలో ఓట్ల లెక్క పక్కన పెట్టి ఒక్క సంగతి చూడండి. కొత్తది కొనగలిగినవాడు పాతదాన్ని బాగుచేయించుకున్నాడు. ఆ బండి పనిలో తండ్రి కొడుకులిద్దరికీ చోటు దొరికింది. నెలల తరబడి ఒకే బండిలో తండ్రీ కొడుకులు గడిపే భాగ్యం ఎందరికి ఉంటుంది?

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, అది చేదు సంగతి. ఆ రథాన్ని వేల కిలోమీటర్లు నడిపిన హరికృష్ణ గారు 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో, తానే కారు నడుపుతూ ప్రమాదంలో చనిపోయారు. నాలుగేళ్ల ముందు, 2014 డిసెంబరులో, ఆయన పెద్దకొడుకు కూడా రోడ్డు ప్రమాదంలోనే పోయాడు. ఎంత నేర్పరి చేతికైనా రోడ్డు జాలి చూపదు. పాత బండి మీద ప్రేమ గురించి మాట్లాడే ఎవరైనా ఈ మాట మరవకూడదు.

బాగుచేయడం ఎలా మొదలవుతుంది

ఒక ఇల్లు తన పాత బండిని బాగుచేయాలనుకుంటే పని స్పానరుతో మొదలు కాదు, కాగితంతో మొదలవుతుంది. ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంది? తండ్రి పేరు మీద ఉండి ఆయన పోయి ఉంటే, చట్టం ప్రకారం 30 రోజుల్లో ఆ సంగతి ఆర్టీవోకు తెలపాలి, 3 నెలల్లో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. మన ఇళ్లల్లో దినకర్మలు, అప్పుల లెక్కలు అయ్యేసరికే ఆ గడువు దాటిపోతుంది. తర్వాత అన్నదమ్ములందరూ ఒప్పుకుని సంతకాలు పెట్టాలి. బండి చెట్టు కింద ఆగిపోయింది ఇంజిన్ చెడి కాదు, ఆ సంతకాలు కుదరక అని నేను పరిచర్యలో చాలా ఇళ్లల్లో గమనించాను. కాబట్టి మొదట బాగుచేయాల్సింది బండిని కాదు, మాటను.

కాగితం తర్వాత ఛాసిస్. నంబరు మీద మసి తుడిచి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, ఆర్‌సీలో ఉన్న నంబరుతో సరిచూడాలి. తర్వాత చిన్న సుత్తితో ఛాసిస్ పొడవునా తట్టుకుంటూ పోవాలి. గట్టి ఇనుము గణగణమంటుంది, తుప్పు తిన్న చోట మొద్దుగా పలుకుతుంది. ఇక్కడ మన కరువు నేల ఒక మేలు చేసింది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. సముద్రపు ఉప్పుగాలి లేదు. కోస్తాలో పదేళ్లకు కుళ్లిపోయే రేకు మన దగ్గర ముప్పై ఏళ్లయినా నిలుస్తుంది. పంటకు శాపమైన పొడి గాలి ఇనుముకు కాపలా కాసింది. కానీ ఎండకు రబ్బరు పగిలిపోతుంది, ఎలుకలు వైర్లు కొరికేస్తాయి. అవన్నీ మార్చాల్సిందే.

మూడోది బ్రేకులు. చాలామంది ఆత్రంగా ఇంజిన్ స్టార్ట్ చేసి చూస్తారు. అది తలకిందుల పని. నిలబడటం రాని బండికి పరుగెందుకు? పాత జీపుల్లో నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకటే ఆయిలు దారి. ఒక్క గొట్టం పగిలితే నాలుగూ పోతాయి. అందుకని గొట్టాలు, వీల్ సిలిండర్లు, బ్రేకు షూలు, తర్వాత స్టీరింగు కీళ్లు, కమాను కట్టలు ముందు చూసుకోవాలి.

ఇంజిన్ నాలుగోది. ఏళ్ల తరబడి ఆగిపోయిన ఇంజినును సెల్ఫ్ కొట్టి తిప్పకూడదు. నాజిళ్లు విప్పి, సిలిండర్లలో ఆయిలు పోసి, కొన్ని రోజులు నాననివ్వాలి. తర్వాత చేత్తో మెల్లగా తిప్పాలి. కదిలిందంటే ఆశ ఉన్నట్టే. ట్యాంకు దించి కడగాలి, ఫిల్టర్లు మార్చాలి, డీజిలు లైనులో చేరిన గాలి తీసేయాలి. పొగ తెల్లగా వస్తోందా, నీలంగా వస్తోందా, నల్లగా వస్తోందా అన్నది చూసి మెకానిక్కు జబ్బు చెబుతాడు. నీలం పొగ అంటే ఆయిలు మండుతోంది, రింగులో బోరో అరిగింది. అప్పుడు ఇంజిన్ దించక తప్పదు. లేతు పనికి అనంతపురమో హిందూపురమో పోవాలి. దొరకని సామానుకు బెంగళూరు జేసీ రోడ్డు, శివాజీనగర్ గుజిరీ తిరగాలి. ఇటువైపైతే 1960ల్లో పుట్టిన విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది. టింకరింగు, రెడ్ ఆక్సైడు, పెయింటు అన్నిటికన్నా చివర.

ఈ పనిలో ఇంట్లో చేతకానివారంటూ ఉండరు. పదేళ్ల పిల్ల విప్పిన నట్లను డబ్బాల్లో వేసి, ఏ డబ్బా ఏ భాగానిదో చీటీ అంటించగలదు. కాలేజీ పిల్లవాడు విప్పే ముందు ప్రతి భాగాన్నీ ఫోనులో ఫోటో తీయగలడు. బిగించేటప్పుడు ఆ ఫోటోలే దిక్కు. ఇంటి ఇల్లాలు లెక్క రాస్తుంది. లెక్క రాయని రిపేరు ఇంటిని ముంచుతుంది. కుట్టుమిషను ఉన్న అత్తమ్మ సీటు కవర్లు కుడుతుంది. నడవలేని తాత మంచం మీద కూర్చుని, గేరు ఎక్కడ గట్టిగా పడేదో, ఏ బోల్టు ఎడమ మరదో చెబుతాడు. ఆయన జ్ఞాపకం ఏ పుస్తకంలోనూ దొరకదు.

గోడ కట్టిన ఇళ్లు

ఇది చదువుతుంటే మీకు నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయం గుర్తుకు వచ్చి ఉంటుంది. చదివేటప్పుడు చాలామంది దాటేసే అధ్యాయం అది. అంతా పేర్లే. కానీ అది ఒక రిపేరు పని రిజిస్టరు. క్రీ.పూ. 445 ప్రాంతంలో కూలిపోయిన యెరూషలేము గోడను ఎవరెవరు ఏయే ముక్క బాగుచేశారో అందులో రాసి ఉంది. అందులో తాపీ మేస్త్రీలే లేరు. బంగారు పనివారున్నారు, పరిమళ ద్రవ్యాలు చేసేవారున్నారు, వర్తకులున్నారు. షల్లూము అనే అధికారి తన కుమార్తెలతో కలిసి ఒక ముక్క బాగుచేశాడు. చాలామంది తమ తమ ఇంటికి ఎదురుగా ఉన్న గోడనే బాగుచేశారు. తెకోవ ఊరి పెద్దలు మాత్రం భుజం ఇవ్వలేదని కూడా దాచకుండా రాశారు. చెత్తకుప్పల్లోని కాలిన రాళ్లతో గోడ లేస్తుందా అని శత్రువులు ఎగతాళి చేశారు. 52 రోజుల్లో గోడ లేచింది.

గుజిరీలో తుప్పు పట్టిన గేరుబాక్సు వెతుక్కునే మనిషికి ఆ ఎగతాళి కొత్త కాదు. "ఈ ముసలి బండికి ఇంత డబ్బా, కిస్తులకు కొత్తది రాదా" అని ఊరు నవ్వుతుంది. ఆ మాటలో కొంత నిజం ఉంది కూడా. అందుకే బాగుచేయడమే భక్తి, వదిలేయడమే పాపం అని నేను చెప్పను.

చట్టం ఏమంటోంది, మనస్సాక్షి ఏమంటోంది

2021 ఆగస్టు 13న కేంద్ర ప్రభుత్వం పాత వాహనాల తుక్కు విధానాన్ని ప్రకటించింది. 15 ఏళ్లు దాటిన సర్కారు బండ్ల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లకుండా పోయింది. ఒకప్పుడు వేలంలో మన పల్లెకు వచ్చిన జీపుల దారి అలా మూసుకుపోయింది. సొంత కార్ల లాంటి వాటికి 15 ఏళ్ల తర్వాత రిజిస్ట్రేషను కొనసాగింపు రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000 అయింది. ఆ తర్వాత కూడా రుసుములు మారాయి, పోయేముందు కనుక్కోండి. సరుకుల బండికైతే 8 ఏళ్లు దాటాక ఏటేటా ఎఫ్‌సీ చేయించాలి.

బండి స్వరూపం మార్చడం మీద కూడా కోర్టు మాట ఉంది. కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంజిన్ మార్చాలంటే అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించాల్సిందే. 2021 జూలైలో ఇంకొక నియమం వచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండ్లను 'వింటేజి' బండ్లుగా 20,000 రూపాయల రుసుముతో నమోదు చేయించుకోవచ్చు, 'వీఏ' అక్షరాలున్న నంబరు ఇస్తారు. కానీ వాటిని రోజువారీ పనికి, కిరాయికి వాడకూడదు. మన పల్లె బండి ఇందులో ఎక్కడా ఇమడదు. దానికి ఇంజిను ఒకరిది, గేరుబాక్సు ఇంకొకరిది, తొట్టి మన ఊరి వెల్డరుది. అది ప్రదర్శనకు పెట్టే వస్తువు కాదు, బతుకు కోసం బాగుపడుతూ వచ్చిన వస్తువు. దాన్ని గౌరవించాల్సిందే గానీ, గౌరవం పేరుతో అబద్ధం ఆడకూడదు. చీకట్లో మార్చిన నంబరుతో, లేని ఎఫ్‌సీతో, బ్రేకు ఇన్‌స్పెక్టరుకు దొరకకుండా సందుల్లో తిరిగే బండిని దేవుని బిడ్డలు నడపకూడదు.

ఇంకొక మాట చెప్పక తప్పదు. సభలకు, పెళ్లిళ్లకు పికప్పు తొట్టిలో మనుషులను ఎక్కించుకుని పోవడం మనకు అలవాటు. సరుకుల బండిలో ఊరకే ఎక్కిన మనిషికి దెబ్బ తగిలితే బీమా కంపెనీ బాధ్యత ఉండదని 2002 డిసెంబరులోనే సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఒక్క బోల్తాతో ఒక వీధి వీధంతా విధవలు మిగలొచ్చు. బండి ఎంత బాగుపడినా తొట్టి మనుషులకు కాదు, మూటలకు. సంఘపు ప్రయాణాలకు కూడా ఇది వర్తిస్తుంది. పది మందిని దింపి రెండు ట్రిప్పులు వేసినా మంచిదే.

కాబట్టి నిర్ణయానికి నాలుగు ప్రశ్నలు. ఛాసిస్ గట్టిగా ఉందా? కాగితం సరిచేసుకోవడానికి ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా? బ్రేకులు, స్టీరింగు కొత్తదానిలా చేయించే డబ్బు, అప్పు చేయకుండా, చేతిలో ఉందా? ఆ బండికి మళ్లీ పని ఉందా? నాలుగింటికీ ఔనంటే బాగుచేయండి. ఛాసిస్ కుళ్లిందంటే మిగతావి అడగనక్కరలేదు. ప్రభుత్వం గుర్తించిన తుక్కు కేంద్రంలో అప్పగించి, వాళ్లిచ్చే ధృవపత్రం తీసుకుని, ఆర్‌సీ రద్దు చేయించుకోండి. వయసు తీరినవారిని మర్యాదగా సాగనంపినట్టే ఇదీ. అందులో సిగ్గు లేదు.

పెనుకొండ పక్కన కొత్త కార్లు, మన పిల్లల చేతులు

మన జిల్లాలోనే, పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర, 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఏడాదికి 3 లక్షల కార్లు చేయగలిగేలా మొదలైన ఫ్యాక్టరీ అది. చెనక్కాయ తప్ప వేరే ఆధారం లేని నేల మీద అంత పెద్ద పని రావడం చిన్న మేలు కాదు. మన పిల్లలు కొందరు అక్కడ పనిచేస్తున్నారు. కానీ అక్కడ ఒక పిల్లవాడికి ఒక బోల్టు, ఒక యంత్రం, ఒక చోటు. బండి మొత్తాన్ని అతను చూడడు. చెట్టు కింద పాత పికప్పు విప్పిన పిల్లవాడికి బండి మొత్తం తెలుస్తుంది. ఎందుకు ఆగింది, ఎక్కడ వేడెక్కింది, ఏది దేన్ని తిప్పుతుంది అన్నీ చేతికి తెలుస్తాయి. ఈ రెండు చదువులూ కావాలి. ఒకటి జీతం ఇస్తుంది, ఇంకొకటి బుద్ధి ఇస్తుంది.

ప్రత్యక్ష గుడారం పనికి దేవుడు బెసలేలును పిలిచినప్పుడు అతనికి చేతిపని నేర్పు ఇచ్చాడని నిర్గమకాండంలో చదువుతాం. అతనికీ, అహోలీయాబుకూ ఇతరులకు నేర్పే మనసు కూడా ఇచ్చాడని అక్కడే ఉంది. నేర్పు ఒక్కటే ఉంటే అది మనిషితో పోతుంది, నేర్పించే మనసు ఉంటేనే తరానికి దిగుతుంది. మన పాత మెకానిక్కులు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్ల బిడ్డలు బెంగళూరులో వేరే పనుల్లో ఉన్నారు. చెవితో ఇంజిన్ జబ్బు చెప్పే ఆ విద్యను నేర్చుకోవడానికి ఎవరూ పక్కన కూర్చోకపోతే అది వాళ్లతోనే మట్టిలో కలిసిపోతుంది.

చివరగా ఒక చిన్న పని అడుగుతాను. బాగుచేసినా, సాగనంపినా, మీ బండి చరిత్ర ఒక నోటుబుక్కులో రాయించండి. నంబరు ప్లేటే ఒక చరిత్ర. ఏపీ 02 అంటే 1989 తర్వాత అనంతపురం జిల్లాలో నమోదైన బండి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది గనుక ఆ గుర్తు ఇక కొత్త బండ్లకు రాదు. మొదట ఎవరు కొన్నారు, ఎంతకు కొన్నారు, ఏ ఏడాది కరువులో అమ్మాలనుకుని ఆగారు, ఎవరి పెళ్లికి తిరిగింది, ఎవరిని ఆస్పత్రికి తీసుకుపోయింది, ఎవరి శవాన్ని ఇంటికి తెచ్చింది. పెద్దలు చెబుతుంటే పిల్లల చేత రాయించండి. ఇద్దరు అన్నదమ్ములు ఆ పుస్తకం ముందు కూర్చుని, తండ్రి బండి మొదటిసారి ఇంటికి వచ్చిన సంవత్సరం ఏదో గుర్తు చేసుకోగలిగితే, ఆర్టీవో ఆఫీసులో పక్కపక్కన సంతకాలు పెట్టడం వాళ్లకు కష్టం కాదు.

ప్రభువు మీ ఇంటి పనులను దీవించును గాక.